పాతర మీద అమ్మ చేయి

నా చిన్నప్పుడు, ఆళ్లగడ్డ పక్క మా ఊళ్లో, ఎండాకాలం మేత కోసం పచ్చి జొన్నచొప్పను పాతరేసేవాళ్లం. గుంత తవ్వి, నరికిన చొప్ప మీద బెల్లం నీళ్లు చల్లి, గాలి లేకుండా తొక్కి, వరిగడ్డి పరిచి పైన మట్టితో మెత్తేవాళ్లం. లోపల అది పులిసి నెలల తరబడి చెడకుండా ఉండేది. ఆ ఏడు మట్టి మెత్తింది నిండు నెలల్లో ఉన్న మా అమ్మ. చివరి ముద్దను అరచేత్తో అదిమింది. ఆ చేతి అచ్చు మట్టిలో అలాగే ఎండిపోయింది.

వారానికే కాన్పుకని నంద్యాల వెళ్లింది. అవ్వ ఒడిలో తమ్ముడొక్కడే తిరిగొచ్చాడు.

వాడికి మా బర్రె పాలే దిక్కు. ఎండల్లో బర్రెకు ఆ పాతరే దిక్కు. అందుకే అవ్వ రోజూ నెర్రెలు వెతికి మెత్తేది. ఒకనాడు అమ్మ చేతి అచ్చు మధ్యనే నెర్రె విచ్చింది. మెత్తనివ్వనని నేను అడ్డంపడి ఏడ్చాను. మా అవ్వ నోరు మంచిదని ఊళ్లో ఎవరూ అనరు. ఆ రోజు మాత్రం తిట్టలేదు. తడిమట్టి ఉన్న చట్టి నా పక్కన పెట్టింది.

"నువ్వే మెత్తు పాపా. గాలి దూరితే వాని కూడు పోతాది."

నేను మెత్తలేదు. మెత్తానని చెప్పి, పైన గోనెసంచి కప్పాను.

ఎండలు ముదిరాక పాతరను అవతలి కొస నుంచి తెరిచారు. రోజుకింత కోసుకుంటూ, వానలు పడకముందే ఈ కొసకు వచ్చాం. అచ్చు కింద చొప్పంతా నల్లగా బూజు పట్టింది.

"ఎట్ల చెడిపాయ?" అన్నాడు నాయన.

అవ్వ గోనెసంచి వైపు చూసింది, నా వైపు చూసింది. "నా కండ్లకు ఆనలేదు నాయనా. నెర్రె ఇడిసిపెట్టినా" అంది.

వానలు పడేదాకా బర్రె ఎండు చొప్పతోనే సరిపెట్టుకుంది. పాలు తగ్గిపోయాయి. నీళ్లు కలిపిన పాలు తాగి, చాలక, తమ్ముడు పిడికిలి చప్పరిస్తూ ఏడ్చేవాడు. వాడు బతికాడు, దేవుడి దయ. ఆ ఏడుపు మాత్రం నా చెవుల్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు మా మనవడు పాతర మేతను మూటలుగా లారీలో తెప్పిస్తాడు. ఆ పుల్లటి వాసన తగిలితే చాలు, నాకు ఆ మట్టి చట్టే గుర్తొస్తుంది. ఆ తర్వాత ఏ నెర్రె కనిపించినా ముందు మెత్తి, ఆ తర్వాతే ఏడవడం నేర్చుకున్నాను. అవ్వ మట్టిని నాకే ఎందుకిచ్చిందో తెలిసేసరికి అవ్వ కూడా లేదు. ఆ రోజు నా అరచేత్తో ఆ అచ్చును మెత్తి ఉంటే, చివరిసారిగా అమ్మ చేతిలో చేయి పెట్టినదాన్ని అయ్యేదాన్ని.