మా డాబా మీది గాజు మేడ

మా ఆయనకు బెంగళూరు బొత్తిగా పడలేదు. అక్కడి సాంబారు తియ్యగా ఉందని విసుక్కున్నాడు, ట్రాఫిక్ చూసి తిట్టుకున్నాడు. పెద్ద తోటలోని పాతకాలపు గాజు మేడ ముందు మాత్రం మెడ వెనక్కి విరిచి, నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. అంతెత్తు ఇనుప కమానులు, వాటి మీద గాజు. అబద్ధమెందుకు, నాకూ కళ్ళు చెదిరాయి. కాకపోతే నేను చూసి ఊరుకున్నాను.

ఆయన ఊరుకోలేదు. నరసరావుపేట రాగానే, పడగొడుతున్న పాత ఇళ్ళ అద్దాల కిటికీలన్నీ ఆటోలో తోలించి, వెల్డరును పట్టుకొచ్చి మా డాబా మీద గాజు గది కట్టించాడు. కడియం నుంచి ఆర్కిడ్లు, ఫెర్న్ మొక్కలు తెప్పించాడు. అవి ఎండకు మొహం వాచిన చలిదేశాల వాళ్ళు కట్టుకునే గదులు, పల్నాడులో ఎండను పట్టి దాచుకోవడం ఏమిటని మొత్తుకున్నాను. నాకు అందమంటే తెలియదన్నాడు.

ఏప్రిల్‌కే ఆర్కిడ్లు తలలు వాల్చాయి. తడి గోనెపట్టాలు కప్పాడు. చాల్లేదని మా పడకగదిలోని కూలర్ మోసుకెళ్ళి వాటికి పెట్టాడు. కింద మేము విసనకర్రలు, పైన మొక్కలకు చల్లగాలి! ఆ వారమంతా ఆయనతో మాట్లాడితే ఒట్టు. అయినా ఫెర్నులు నూనెలో వేయించిన కరివేపాకులా అయిపోయాయి.

ఒకరోజు డాబా మీద బూడిద గుమ్మడి వడియాలు పెడుతుంటే కోతులు దిగాయి. వడియాల పళ్ళెంతో సహా గాజు గదిలో దూరి తలుపేసుకున్నాను. కోతులు అద్దానికి ముక్కులు ఆనించి, నేనేదో జూలో జంతువునైనట్టు తీరిగ్గా చూశాయి. నోటికొచ్చినట్టు తిట్టాను. అవి పోయాక పళ్ళెం అక్కడే వదిలేసి, చెమటతో తడిసి ముద్దై కిందికి దిగాను.

మర్నాటికి వడియాలు గలగలమన్నాయి. దుమ్ము లేదు, కాకి ముట్టలేదు. ఇంకేముంది, వీధి వీధంతా అప్పడాలూ చల్లమిరపకాయలూ పట్టుకుని మా మెట్లెక్కింది.

మా ఆయన మొహం చిన్నబోయింది. ఒక సాయంత్రం పాతసామాన్లు కొనేవాణ్ణి పిలుచుకొచ్చాడు.

“పీకించేద్దామే. చూసేదానికి కట్టా, ఎండబెట్టేదానికి కాదు. ఒక్కళ్ళన్నా తలెత్తి చూళ్ళా” అన్నాడు.

ఇన్నాళ్ళూ ఆ గదిని తిట్టిపోసిన దాన్ని, నాకే ఏడుపొచ్చింది.

ముగ్గురం పైకి వెళ్ళాం. లోపల పక్కింటి పెద్దమ్మ అప్పడాల దగ్గర ఒక్కతే కూర్చుని ఉంది. ఏ పాత కిటికీలోవో రంగు అద్దాలు, వాటిలోంచి ఆమె తెల్లచీర మీద పచ్చ, నీలం వెలుగు పడుతోంది. అరచెయ్యి చాపి, అందులో పడ్డ నీలాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. అప్పడాలు ఇంకా ఎండలేదా పెద్దమ్మా అని అడిగాను.

“మజ్జాన్నమే ఎండినయ్యి. చానా బాగుంది గదే ఈడ, దిగబుద్ధి గాక కూర్చున్నా” అంది.

మా ఆయన ఆ పాతసామాన్ల వాడికి మంచినీళ్ళిచ్చి పంపేశాడు. వెళ్ళి ఆమె పక్కన చతికిలబడ్డాడు. ఇద్దరికీ వడదెబ్బ తగులుతుందని కేకలేస్తూ మజ్జిగ పట్టుకెళ్ళాను. చీకటి పడేదాకా నేనూ దిగలేదు.