పైన గోడ ఉంది, కింద లేదు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక ఫిబ్రవరి నెలాఖరున, నేను పల్నాడులోని ఒక సబ్ డివిజన్‌లో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా ఉన్నాను. ప్రభుత్వ భవనాలు కట్టడం, ఉన్నవాటిని కాపాడటం మా పని. నా పై అధికారి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. ఆయన్ని అందరం ఈఈ గారు అనేవాళ్లం. ఆయన ఆఫీసు నుంచి ఒక ఫైలు వచ్చింది. వినుకొండకూ సత్తెనపల్లికీ మధ్య ఉన్న ఒక ఊళ్లో ఆడపిల్లల హాస్టలు మీద ఇంకో అంతస్తు వేస్తారట. పాత భవనం ఆ బరువు మోయగలదని నేను ధ్రువపత్రం ఇవ్వాలి.

పత్రం అప్పటికే టైపు చేసి ఉంది. 'నేను స్వయంగా పరిశీలించి సంతృప్తి చెందాను' అన్న వాక్యం కింద నా పేరు, హోదా, సంతకానికి ఖాళీ. ఆ భవనం ఏ వీధిలో ఉందో కూడా నాకు తెలియదు. నా సంతృప్తిని ఇంకెవరో టైపు చేసేశారు. ఆ కాగితం చూసినప్పుడు వచ్చిన కోపం ఈ రోజుకీ పూర్తిగా చల్లారలేదు.

మర్నాడే వెళ్లాను. పాత భవనాల విషయంలో మొదటి చిక్కు, వాటి డ్రాయింగులు ఉండవు. కట్టినవాళ్లు ఉండరు. మధ్యలో ఎవరు ఏం మార్చారో రాసి ఉండదు. భవనాన్నే చదువుకోవాలి. ఈ హాస్టలు కింది అంతస్తు ఇటుకా సున్నంతో కట్టింది, మందపాటి గోడలు. చాలా ఏళ్ల తర్వాత దాని మీద సిమెంటుతో పై అంతస్తు వేశారు. పిల్లలు పైన పడుకుంటారు, కింద తింటారు. డాబా మీద నాలుగు నీళ్ల ట్యాంకులు.

కిటికీల కింద నుంచి ఏటవాలుగా పగుళ్లు ఉన్నాయి. ప్రతి ఏడూ పుట్టీ పెట్టి రంగు వేసిన గుర్తులూ ఉన్నాయి. అది నల్లరేగడి నేల. వానల్లో ఉబ్బుతుంది, ఎండల్లో బీటలు వారి కుంగుతుంది. దాంతోపాటు పునాదీ కదులుతుంది. పగులు వేసవిలో తెరుచుకుని, వానల్లో మూసుకుంటుంది. మూసుకున్నప్పుడు చూసినవాడు బాగైపోయింది అనుకుంటాడు. గోడ పక్కన గొయ్యి తవ్వించాను. పునాది నల్లమట్టిలోనే ఆగిపోయింది, కిందున్న గట్టి మొరం దాకా వెళ్లలేదు. ఇంకో అంతస్తు మాట అక్కడే తేలిపోయింది.

అసలు సంగతి టేపు పెట్టాక తెలిసింది. పైన పడకగదుల మధ్య ఇటుక గోడ ఒకటి ఉంది. గదులు కొలుచుకుంటూ కిందికి వచ్చి చూస్తే, సరిగ్గా దాని కింద భోజనాల హాలు నడుమ ఏమీ లేదు. పైన గోడ ఉంది, కింద లేదు. అంత బరువు గాల్లో నిలబడదు కదా. నాతో వచ్చిన కోటయ్య మేస్త్రీ సున్నం పని తెలిసిన పెద్దవాడు. ఆయన స్టూలెక్కి సీలింగు కింద సుత్తితో తట్టుకుంటూ పోయి ఒక చోట ఆగాడు.

"అమ్మగారూ, ఇక్కడ డొల్ల పలుకుతోందండి."

ప్లాస్టరు ఊడగొట్టించాను. లోపల ఇనుప గర్డరు ఉంది. ఎవరో రెండు గదుల మధ్య గోడ పడగొట్టి, పై గోడ కింద ఆ గర్డరు దూర్చి, పైన పూత పూసి రంగేశారు. గర్డరు చివరలు గోడ మీద ఆనేచోట కాంక్రీటు దిమ్మె ఉండాలి, బరువు పరుచుకునేందుకు. అది లేదు. గర్డరు నేరుగా పాత ఇటుకల మీద కూర్చుంది. వేలు పెడితే ఆ ఇటుక పిండిలా రాలింది. కోటయ్య ఆ పొడి అరచేతిలో పోసుకుని, "ఇది కట్టుబడి కాదమ్మా, పాపం," అన్నాడు.

ఆ హాలులో ఆ పూట పిల్లలు అన్నాలు తిన్నారు. వాళ్ల నెత్తిన పడకగది, దాని పైన నీళ్ల ట్యాంకులు.

వార్డెన్ మస్తాన్‌బీ గారు గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్నారు. ఆవిడ నన్ను పక్కకు పిలిచారు.

"అమ్మా, రిపేరు చెయ్యాలంటే చెయ్యండి. మూసెయ్యమని మాత్రం రాయబాకండి. మిరపకోతల టయిం ఇది. ఈ పిల్లలు ఒక్కసారి ఇంటికెళ్లారంటే సగం మందిని కోతలకి తోలతారు. ఇంకో నెల్లో టెన్త్ పరీక్షలు."

మూసేసే అవసరం లేకుండా చూస్తానని మాట ఇచ్చాను. ఇంజనీరు అలా మాట ఇవ్వకూడదు. కానీ ఇచ్చాను, ఎందుకంటే దారి ఉంది. ఆ మధ్యాహ్నమే ట్యాంకులు ఖాళీ చేయించాను. పక్క వీధిలో స్లాబు పని జరుగుతుంటే అక్కణ్ణుంచి స్లాబుకు ఊతంగా నిలబెట్టే ఇనుప జాకీలు అడిగి తెచ్చి, గర్డరు కింద వరసగా నిలబెట్టి బిగించాం. పై గదుల్లో పడకలు తీయించి పిల్లలను పక్కనే ఉన్న బడి గదుల్లోకి మార్పించాను. చీకటి పడేలోగా అంతా అయింది.

ఫోనులో చెబితే ఈఈ గారు విసుక్కున్నారు.

"ఇన్నేళ్లుగా నుంచున్న బిల్డింగు మేడం అది. మీరెళ్లి చూసిన రోజే పడిపోద్దా?"

నా ఉద్యోగమంతా విన్న మాట అది. ఇన్నాళ్లు పడలేదు గనక ఇక పడదనేది లెక్క కాదు. నలిగిన ఇటుక ఏ రోజు పడాలో ఎవరినీ అడగదు.

మూడు పేజీల నివేదిక రాసి, పైకి పంపమని ఈఈ గారి ఆఫీసులో ఇచ్చాను. మరో అంతస్తు వేయకూడదు. ప్రస్తుత స్థితిలో భవనం వసతికి సురక్షితం కాదు. గర్డరు చివర్ల కింద దిమ్మెలు పోసి, నలిగిన గోడ భాగం మళ్లీ కట్టి, ట్యాంకులు నేల మీదికి దించితే సురక్షితం అవుతుంది. అంతవరకు జాకీలు తీయకూడదు. పని వేసవి సెలవుల్లో పూర్తవుతుంది.

పది రోజులకు మస్తాన్‌బీ గారు ఫోను చేశారు. గొంతులో కోపం, ఏడుపు కలిసి ఉన్నాయి.

"మాటిచ్చారు గదమ్మా మీరు! ఇట్టా చేశారేంది?"

హాస్టలు మూసేయమని ఉత్తర్వు వచ్చింది. పిల్లలను అప్పటికే ఇళ్లకు పంపేశారు. ఉత్తర్వులో కారణం ఒకే వాక్యం: 'భవనం వసతికి సురక్షితం కాదని డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు నివేదించారు.' తర్వాత వాక్యం లేదు. జాకీల మాట లేదు, దిమ్మెల మాట లేదు.

నేరుగా ఈఈ గారి గదికి వెళ్లాను. నా నివేదికలో సగమే పంపారేమని అడిగాను.

"సగమైనా మీరు రాసిందేగా మేడం," అన్నారాయన, కళ్లజోడు తుడుచుకుంటూ.

ఆయన ఎందుకు అలా చేశారో పాత కొలతల పుస్తకం తెప్పించి చూస్తే తెలిసింది. ఏ పని ఎంత జరిగిందో రాసి, ఇంజనీరు సరిచూసి సంతకం చేసే పుస్తకం అది. ఆ హాలు గోడ తీసిన పనిని అందులో 'స్వల్ప మరమ్మతులు' అని రాశారు. కింద అప్పటి డిప్యూటీ ఇంజనీరు సంతకం. ఇప్పటి ఈఈ గారే ఆయన. మరమ్మతు మొదలుపెడితే ఆ గర్డరు అక్కడికి ఎలా వచ్చిందనే ప్రశ్న వస్తుంది. మూసేస్తే ఎవరూ అడగరు. తన సంతకం కాపాడుకోవడానికి ఆయన నా సంతకాన్ని వాడుకున్నారు.

పై అధికారిని దాటి ఆ పై అధికారికి రాయడం మా శాఖలో నేరంతో సమానం. ఆ పుస్తకం నకలు, నా నివేదిక మొత్తం, సూపరింటెండింగ్ ఇంజనీరుకు నేరుగా ఇచ్చాను. క్రమశిక్షణ తప్పానని ఈఈ గారి నుంచి మెమో వచ్చింది. జవాబు రాశాను. సూపరింటెండింగ్ ఇంజనీరు స్వయంగా వచ్చి, కోటయ్య తెరిచిన చోట వేలు పెట్టి చూశారు. ఆ వారంలోనే మూసివేత రద్దయింది.

అప్పటికి పిల్లలు మిరప చేలల్లో ఉన్నారు. మస్తాన్‌బీ గారు ఆటో మాట్లాడుకుని ఊరూరూ తిరిగారు. ఒక రోజు నేనూ వెళ్లాను. ఒక చేలో కల్లం పక్కన ఒక తండ్రి మాకు మంచినీళ్లు ఇచ్చి, మర్యాదగానే చెప్పాడు.

"కోతలయ్యాక పంపుతాలే మేడం. మీరే గదా బిల్డింగు పడిపోద్దన్నది."

ఆయన కూతురు తలకు తువ్వాలు చుట్టుకుని వరసలో ఉంది, మా వైపు చూసి మళ్లీ కాయలు కోసుకుంటూ పోయింది. పరీక్షలు కోతలు అయ్యేదాకా ఆగవు. టెన్త్ పిల్లల్లో ముగ్గురు ఆ ఏడు పరీక్ష రాయలేదు. ఆ అమ్మాయి వాళ్లలో ఒకతె.

వేసవిలో పని జరిగింది. దిమ్మెలు కోటయ్య దగ్గరుండి పోయించాడు. భవనం ఇప్పటికీ వాడకంలో ఉంది, పైన అంతస్తు వేయలేదు. ఈఈ గారి మీద విచారణ అన్నారు, అది ఆయన రిటైరయ్యేదాకా సాగి ఆగిపోయింది. వీడ్కోలు సభలో ఆయన్ని నిబంధనలు తెలిసిన ఇంజనీరు అని పొగిడారు. నేను వెళ్లలేదు.

భవనాన్ని చదవడం నాకు వచ్చు. నా నివేదికను ఇతరులు ఎలా చదువుతారో ఆలోచించడం అప్పటిదాకా రాలేదు. ఆ తర్వాత ప్రమాదం ఒక వాక్యంలో, దానికి విరుగుడు ఇంకో వాక్యంలో రాయడం మానేశాను. రెండూ ఒకే వాక్యంలో, విడదీస్తే అర్థం లేకుండా పోయేలా రాశాను. ఒక ప్రతి ఆ భవనంలో ఉండేవాళ్లకు నా చేత్తో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నాను. అలా ఇవ్వాలని మా నిబంధనల్లో ఎక్కడా లేదు. ఇవ్వకూడదనీ లేదు.