ఎడమచేత్తో మోటారు

మా బాబాయి నడుస్తున్న యంత్రాన్ని నమ్మడు. ఆగిపోయాక దాని ప్రవర్తన చూస్తేగానీ ఒక అభిప్రాయానికి రాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ లిఫ్టులు తనిఖీ చేశాడు. లిఫ్టెక్కిన జనమంతా పైకి వెళ్ళాలని కోరుకుంటే, ఈయనొక్కడూ అది రెండంతస్తుల మధ్య ఆగాలని కోరుకునేవాడు. ఆగితే ఆయన ముఖంలో వెలిగే ప్రశాంతత యోగులక్కూడా అరుదు.

అలాంటి మనిషి రిటైరయ్యాక పడవ కొన్నాడు. పిన్ని కోసం. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె కిటికీలోంచి సరస్సు చూసి, "అవతలి ఒడ్డున ఏముందో ఒక్కసారి చూడాలండీ" అందట. అప్పటికి నాకు పాలపళ్ళు కూడా రాలేదు. పడవ వచ్చేనాటికి జుట్టు రాలిపోతోంది.

పడవ వచ్చింది గానీ దానికి మోటారు లేదు. మోటారు కావాలంటే దుకాణాలు తిరగాలి. తిరగాలంటే కారు కావాలి. కారు నాది. నా పతనం అక్కడ మొదలైంది.

దుకాణాల్లో మోటారును నీళ్ళ డ్రమ్ముకు బిగించి నడిపి చూపిస్తారు.

"వినండి సార్, చప్పుడే లేదు. పిల్లి నడిచినట్టుంటుంది."

"ఆపు."

"ఇప్పుడేగా సార్ పెట్టాను."

"అందుకే ఆపమంటున్నా. ఒక స్టూలు వెయ్యి."

బాబాయి ఆ స్టూలు మీద ఆసీనుడై, కుడిచెయ్యి నడుము వెనక్కి పెట్టి, ఎడమచేత్తో స్టార్టు తాడు లాగేవాడు. మోటారు దగ్గేది. మళ్ళీ లాగితే తుమ్మేది. ఆ తర్వాత ఎంత లాగినా మౌనవ్రతం పట్టేది.

"లేచి కుడిచేత్తో లాగండి సార్, అంటుకుంటుంది."

"అలా అయితే ఎవరైనా లాగుతారయ్యా. పద నాయనా."

ఆ చివరి మాట నాకు. ఆ వేసవంతా నా జీవితం ఆ మాట మీదే నడిచింది. ఊళ్ళో దుకాణాలు అయిపోయాక పక్క ఊరు, దాని పక్క ఊరు. నా కారు మలుపు తిరగడం చూసి షట్టరు దించేసినవాళ్ళున్నారు. ఒక పుణ్యాత్ముడు మాత్రం తాడు అక్కర్లేని మోటారు చూపించాడు.

"బటన్ నొక్కితే చాలు సార్."

"బ్యాటరీ చచ్చిపోతే?"

"చావదు సార్."

"మా తాత కూడా అలాగే అనేవాడు. పద నాయనా."

వానలు దగ్గరపడ్డాయి. వానలొస్తే రేవు మూసేస్తారు. మళ్ళీ తెరిచేలోపు బాబాయి మరో అనుమానం సంపాదించగలడు. పిన్ని అడగడం మానేసింది. ఒకనాడు పడవకేసి చూసి, "దీన్నిండా మట్టి పోసి టమాటాలు వేసుకుందామా?" అంది. అన్నప్పుడు నవ్వలేదు. నాకు ఆశ చచ్చింది అప్పుడే.

చివరికి మిగిలిన దుకాణానికి పిన్నినీ ఎక్కించుకుపోయాను. చావైనా నలుగురితో కలిసి చావడం మేలని. మూలనున్న బుల్లి మోటారును బాబాయి ఎడమచేత్తో లాగాడు. ఒక్క లాగుకే అంటుకుంది. నేను దేవుడికి దణ్ణం పెట్టుకునేలోపే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఏమో. నా బలానికి వచ్చిందేమో."

"లేవండి, చూడలేక చస్తున్నాను" అని పిన్ని ఆయన్ని స్టూలు మీంచి లేపి తాను కూర్చుంది. పట్టేసిన కుడిభుజం ఎప్పట్నుంచో పైకి లేవదు కనక ఎడమచేత్తోనే లాగింది. మోటారు నడిచింది.

"మళ్ళీ" అన్నాడు బాబాయి. మళ్ళీ నడిచింది. "ఇదే" అన్నాడు.

"ఇన్ని ఊళ్ళు తిప్పి, ఇదా బాబాయ్?" అన్నాను.

"సరస్సు మధ్యలో నాకేదైనా అయిందనుకో" అన్నాడు, లిఫ్టు మీద నివేదిక చదువుతున్నట్టు. "మీ పిన్ని కుడిచెయ్యి లేవదు. నిలబడి లాగితే పడవ తిరగబడుతుంది. మరి తను ఒడ్డుకెలా వస్తుంది?"

"ఆ ముక్క మొదటిరోజే చెప్పి నన్నే తెచ్చి కూర్చోబెట్టచ్చుగా" అంది పిన్ని.

"చెప్తే నువ్వు పడవెక్కవు."

పిన్ని దుకాణదారు వైపు తిరిగి, "ప్యాక్ చెయ్యి బాబూ" అంది.

అప్పుడు ఆ దుకాణదారుకి నీతి గుర్తొచ్చింది. "చిన్న మోటారండీ ఇది. ముగ్గురెక్కితే కదలదు."

ఇద్దరూ నాకేసి చూశారు.

అలా నేను ఆ మోటారును రేవుదాకా భుజాన మోసి, వాళ్ళ చెప్పులకు కాపలాగా ఒడ్డున కూర్చున్నాను. పడవ నత్తల మనసు నొప్పించని వేగంతో కదిలింది. వెనక పిన్ని కూర్చుని నడుపుతోంది. బాబాయి సరస్సుకు వీపుపెట్టి, ఆమెకు ఎదురుగా కూర్చుని, ఆమె చెయ్యి వంకే చూస్తున్నాడు.

తిరిగొచ్చాక అడిగాను. "అవతలి ఒడ్డున ఏముంది బాబాయ్?"

"ఏమో నాయనా, నేను చూళ్ళేదు. బాగుందని మీ పిన్ని చెప్పింది."