సారలమ్మ వెనక్కి తెచ్చిన బెల్టు

గోదావరిఖనిలో మా గని స్టోరుకు గుమాస్తాగా వచ్చిన కొత్తలో నాకు కళ్ళు కొంచెం నెత్తికెక్కి ఉండేవి. ఇంగ్లీషు ఉత్తరం చదివి అర్థం చెప్పగలవాణ్ణి ఆ షెడ్డు మొత్తానికీ నేనొక్కణ్ణే. నా పేరు మార్కు. మార్కు సారు రాస్తే ఇక తిరుగులేదనేవారు. ఆ పొగరు దించిన మనిషికి అక్షరం ముక్క రాదు. ఆమె పేరు సారలమ్మ.

ఆమె భర్త రాజం, గనిలోకి దిగే బావి మరమ్మతు పని చేస్తూ 1964లో అందులో పడి చనిపోయాడు. ఆయన బదులు ఆమెకు పైన స్టోరులో కొలువు ఇచ్చారు. కాగితం మీద ఆమె పని ఊడవడం, నీళ్ళు పట్టడం. కానీ పుట్టింట్లో తోలు పని చూస్తూ పెరిగిన మనిషి కాబట్టి, ఏడాది తిరక్కుండానే స్టోరులో ఉన్న తోలు సామానంతా ఆమె అజమాయిషీ కిందికి వచ్చింది. ఎవరూ ఇవ్వలేదు, తనే తీసుకుంది. ఆమెను అడగకుండా ఆఫీసరు కూడా ఒక్క తోలు ముక్క పారేయించేవాడు కాదు.

మాది నిలువు బావి. ఆదివారం బొగ్గు పని ఆగుతుంది. ఆ రోజు బావి మరమ్మతు వాళ్ళు పన్నెండుమంది, మనుషులను దింపే కేజ్ లోపల కాకుండా దాని నెత్తిమీద నిలబడి, పైపులూ బోల్టులూ చూసుకుంటూ దిగుతారు. వాళ్ళ ప్రాణానికి ఆధారం నడుముకు కట్టుకున్న తోలు బెల్టు, దాని చివర ఉన్న ఇనుప కొక్కెం. ప్రతి శనివారం బెల్టులు తెచ్చి సారలమ్మ ముందు పడేసేవారు. ఆమె ఆముదం పట్టించి, కుట్టు ఊడితే కుట్టి ఇచ్చేది. ఆమె నోటికి మాత్రం ఆముదం అక్కర్లేదు.

"ఏంది నర్సింగం, పొట్ట పెంచుడేనా నీ డ్యూటీ? ఆరు పొక్కలు సాలుతలేవు నీకు" అంటూ ఒకసారి అతని బెల్టుకు ఏడో బెజ్జం పొడిచి ఇచ్చింది. నర్సింగం రాజానికి తమ్ముడి వరస. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే పని. వదినె ఏమన్నా నవ్వి ఊరుకునేవాడు.

1971 వానాకాలంలో నర్సింగం కేజ్ మీద నుంచి జారాడు. కొక్కెం పట్టుకుంది. గాలిలో వేలాడుతున్నవాణ్ణి పైకి లాగారు. ఆ రోజుతో ఆ బెల్టు దశ మారిపోయింది. అతని భార్య ఐలవ్వ దానికి పసుపు దారం కట్టి, ఇంట్లో దేవుని పటం పక్కన తగిలించేది. తోటివాళ్ళు డ్యూటీకి ముందు దాన్ని తాకి కళ్ళకు అద్దుకునేవారు. నేను చర్చికి పోయేవాణ్ణి కదా, నవ్వుకునేవాణ్ణి. అయినా నా చెయ్యి కూడా ఒకసారి దాని మీద పడింది.

మరుసటి ఏడు, బెల్టులు చేసే కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఫలానా గుర్తు ఉన్న కొక్కేల ఇనుము పెళుసుగా ఉందనీ, ఒక్కసారి బలంగా కుదుపు తగిలితే లోపల చీలిక రావచ్చనీ, ఆ బెల్టులన్నీ వెంటనే వెనక్కి పంపమనీ రాశారు. మా మరమ్మతు వాళ్ళకు ఇచ్చిన పన్నెండూ అవే. కొత్తవి వచ్చేదాకా, వాటికి ముందు వాడి పక్కన పెట్టిన పాత బెల్టులు వాడుకొమ్మని ఆఫీసరు చెప్పాడు.

చిక్కంతా ఆ గుర్తుతోనే వచ్చింది. మా గని మనుషులకు ఒక అలవాటు. సామాను చేతికి రాగానే దాని మీదున్న కంపెనీ గుర్తును ఆకురాయితో అరగదీసి, తమ బిళ్ళ నంబరు కొట్టుకుంటారు. బిళ్ళ అంటే డ్యూటీకి పోయేటప్పుడు ఎవరిది వారు అప్పజెప్పే ఇత్తడి ముక్క. ఇంకొకడు ఎత్తుకుపోకుండా ఆ ఏర్పాటు. కంపెనీ వెతకమన్న గుర్తు ఇప్పుడు ఒక్క కొక్కెం మీదా లేదు. నేను బిళ్ళ నంబర్లు చూశాను. శనివారం మధ్యాహ్నానికి పన్నెండు నంబర్లూ వచ్చాయి. అన్నీ అందాయని ఉత్తరం కూడా రాసేశాను.

మూట కట్టే ముందు సారలమ్మ ఒక్కొక్క బెల్టూ చేత్తో తడిమింది. తడిమి, ఒకటి పక్కన పెట్టింది.

"ఇది నర్సింగంది కాదు సారూ."

"నంబరు ఆయనదే అక్కా."

"నంబరు మీరు సూడుండ్రి. నేను పొక్కను సూస్తున్న. ఏడాది పొట్ట మోసిన పొక్క సాగి పొడుగ్గ ఉంటది. ఇది గుండ్రంగ ఉన్నది. నిన్ననో మొన్ననో పొడిసిండు."

నిజమే. నర్సింగం అదే కంపెనీ పాత బెల్టు ఎక్కడో సంపాదించి, నంబరు కొట్టి, ఏడో బెజ్జం పొడిచి ఇచ్చాడు. అదృష్టపు బెల్టు ఇంట్లోనే దాచుకున్నాడు. నాకు కోపం వచ్చింది, అతని మీద కాదు, ఈమె మీద. రాసిన ఉత్తరం చింపాలంటే చేతులు రాలేదు.

"పన్నెండు అడిగిండ్రు, పన్నెండు పంపుతున్నం. మనకేం ఫికర్ అక్కా" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

"రేపు గదే కట్టుకొని దిగుతడు సారూ" అని, చీర చెంగు దోపుకొని బయలుదేరింది. వెనక నేనూ నడిచాను.

నర్సింగం క్వార్టరు ముందు మంచం మీద కూర్చొని టీ తాగుతున్నాడు. సంగతి దాచలేదు. లోపలికి పోయి బెల్టు తెచ్చి మా ముందే నడుముకు కట్టుకున్నాడు.

"నువ్వు గూడ కాగితాలు నమ్ముతున్నవా వదినె? బాయిల నన్ను ఆపింది గీ బెల్టు. కాగితం ఆపిందా?"

ఒకసారి కుదుపు తగిలిన కొక్కేనికే ఎక్కువ ప్రమాదమని నేను చెప్పబోయాను. వినకుండా పోయి, క్వార్టర్ల మధ్య నీళ్ళ ట్యాంకు నిలబెట్టిన ఇనుప దూలానికి కొక్కెం తగిలించి, కాళ్ళు ముడుచుకొని వేలాడాడు. అటూ ఇటూ ఊగాడు. చుట్టుపక్కల వాళ్ళు చేరి నవ్వారు. కొక్కెం చెక్కుచెదరలేదు.

"చూసినవా?" అన్నాడు.

నాకు లోలోపల హాయిగా అనిపించింది. ఇక ఇంటికి పోవచ్చనుకున్నాను. సారలమ్మ కదల్లేదు.

"మీ అన్న తాడు గూడ శనివారం దాక మంచిగనే ఉండె" అంది.

నవ్వులు ఆగాయి. రాజం రోజుల్లో బెల్టులు లేవు, నడుముకు తాడు కట్టుకొని దిగేవారు.

"గా శనివారం తాడు ఇంటికి తెచ్చి అరుగు మీద పడేసిండు. తీసి పక్కకు పెడుతుంటే నడిమిట్ల పీచు లేసి నా చేతికి తాకింది. అడుగుదామనుకున్న. బాయి సంగతి ఆడదానికెందుకు అంటడని ఊకున్న. పొద్దుగాల అన్నం పెట్టి తోలిచ్చిన. ఎనిమిదేండ్లాయె, ఈ మాట ఎవలికీ చెప్పలే. నీకు చెప్తున్న."

ఆమె గొంతులో ఏడుపు లేదు. నర్సింగం కిందికి దిగాడు గాని కొక్కెం దూలానికి అలాగే ఉంది. అంతవరకూ మొగుడి పక్షాన నిలబడ్డ ఐలవ్వ ముందుకు వచ్చి, అతని నడుము నుంచి బెల్టు విప్పింది. పసుపు దారం ఊడదీసి తన కొంగున ముడేసుకుంది. బెల్టు సారలమ్మ చేతికిచ్చి, "తీసుకపో అక్కా" అంది. నర్సింగం మా ఎవరి మొహమూ చూడకుండా లోపలికి పోయాడు.

మర్నాడు నేను చర్చికి పోలేదు. బావి గట్టు మీద నిలబడి, అతను పాత బెల్టుతో దిగి పైకి వచ్చేదాకా చూశాను. అతను నన్ను చూసి ఉమ్మేసి పోయాడు.

బెల్టులు పోయాయి, బదులు కొత్తవి వచ్చాయి. పంపిన వాటిలో చీలిక ఉందో లేదో కంపెనీ మాటమాత్రం రాయలేదు. నేను రెండు ఉత్తరాలు రాసి అడిగాను, జవాబు లేదు. నాకు ఒళ్ళు మండేది. ఒక్క ముక్క రాసి ఉంటే సారలమ్మకు అంత మాట పడే పని తప్పేది. ఎందుకంటే నర్సింగం ఊరుకోలేదు. మంచి బెల్టును విరిగేదన్నారనీ, తన అదృష్టాన్ని గుంజుకపోయిందనీ, నలుగురిలో నవ్వులపాలు చేసిందనీ ఆరేళ్ళపాటు కనబడ్డ ప్రతి మనిషికీ చెప్పాడు. దసరాకు జమ్మి పెట్టడానికి ఒక్కసారీ ఆమె గడప తొక్కలేదు. ఐలవ్వ ఒక్కతే వచ్చి కాళ్ళు మొక్కి పోయేది.

1978లో సారలమ్మ కొలువు దిగిపోయే రోజు స్టోరులో టీ పెట్టాం. ఆఫీసరు ఆమె చీపురు పట్టిన తీరును తెగ మెచ్చుకున్నాడు. ఆ ఏడే కొత్తగా వచ్చినవాడు, బెల్టు సంగతి అతనికి తెలియనే తెలియదు. మేము గ్లాసులు అందుకుంటుంటే డ్యూటీ దిగిన నర్సింగం గుంపుతో అటుగా పోతూ, వినబడాలనే, "పోతున్నదా? పోనియ్యి. నా బెల్టు మింగిన మనిషి" అన్నాడు.

ఇంక నా వల్ల కాలేదు. ఇవాళ వాణ్ణి నాలుగు దులపాల్సిందేనని గ్లాసు కింద పెట్టి లేచాను. సారలమ్మ నా చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టింది.

"వాన్ని ఏమనకుండ్రి సారూ. గా దినం నేను తాడు గుంజుకొని ఉంటే, రాజం గూడ నన్ను ఇయ్యాల్టిదాక గిట్లనే తిట్టుకుంట తిరుగుతుండె."