శ్రీరామ్మూర్తిగారి ఎర్ర రిబ్బను

శ్రీరామ్మూర్తిగారి పాత నల్ల సైకిల్ హ్యాండిల్‌కు ఎర్ర రిబ్బను ముక్క ఒకటి వేలాడుతూ ఉండేది. ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో, ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పాతికేళ్లుగా పనిచేస్తున్న మనిషి. అక్కడి విషపు గ్యాస్‌కు రంగూ వాసనా ఉండవు. గాలి ఎటు వీస్తోందో చూడనిదే అడుగు వెయ్యకూడదు. ఆ అలవాటు ఆయనతో సైకిల్ మీదికి కూడా వచ్చింది.

కరోనా మొదటి ఏడాది, జులై నెల. జిమ్‌లు మూసేశారు. మా పక్కింటి ఉదయ్‌కుమార్, నేను, శ్రీరామ్మూర్తిగారు రోజూ పొద్దున్నే కూర్మన్నపాలెం నుంచి అప్పికొండ దాకా సైకిళ్లు తొక్కేవాళ్లం. నా బీపీకి సైకిల్ తొక్కడం మంచిదన్న డాక్టరే, ఎనిమిది నెలల మా పాప ఇంద్రజ ఊపిరితిత్తులు జాగ్రత్త అని కూడా చెప్పాడు. పుట్టగానే అది పన్నెండు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. అందుకే నియమాలు నేనే రాశాను. మనిషికీ మనిషికీ మధ్య ఇరవై అడుగులు ఉండాలి, ఎవరి నీళ్లసీసా వాళ్లే తెచ్చుకోవాలి, ఇంట్లో ఎవరికైనా ఏ తేడా ఉన్నా ముందే చెప్పాలి.

"వంశీ బావ రూల్సు సూత్తే సైకిల్ తొక్కడానికీ హాల్ టికెట్ కావాలనీలాగున్నాడు," అన్నాడు ఉదయ్.

నీళ్లు తాగడానికి ఆగినప్పుడు మాస్కులు దించేవాళ్లం. ఆ సమయంలో శ్రీరామ్మూర్తిగారు రిబ్బను వైపు చూసి, నడిచి వెళ్లి, దూరంగా ఒకచోట నిలబడేవారు. మొదట్లో ముచ్చటేసింది. నాలుగో రోజున నేను చదివిన ఫిజిక్స్ ఊరుకోలేదు. గ్యాస్‌కు భయపడేవాడు గాలి వచ్చే వైపు నిలబడతాడు. ఈయన ప్రతిసారీ గాలి పోయే వైపు వెళ్తున్నారు. మా ఊపిరి ఆయన మీదికి పోతుంది, ఆయనది మా మీదికి రాదు. తనను కాపాడుకునేవాడు చేసే పని కాదిది.

ఆ రోజు ఇంటికెళ్లి రెండుసార్లు స్నానం చేసినా పాపను ఎత్తుకోలేదు.

మర్నాడు దారిలో ఆగినప్పుడు ఆయనకు ఫోన్ వచ్చింది. పక్కకు తిరిగి మెల్లగా మాట్లాడారు. "కొత్తవాళ్లు ఎంతమంది వచ్చీసినారు? గ్లౌజులు ఇచ్చినారా లేదా?" నాకు వినబడిన మాటలు ఇవే.

ఫోన్ పెట్టెయ్యగానే అడిగాను. "మూర్తిగారూ, మీ ఇంట్లో అందరూ బాగున్నారా అండి?"

"బాగానే ఉన్నాం బాబూ."

"మరి మీరు ఎప్పుడూ గాలి పోయే వైపే ఎందుకు నిలబడతారు?"

ఆయన సీసా మూత నిదానంగా బిగించారు. "ఓరి నీ సదువు," అన్నారు. "మా ఇంటిది కోవిడ్ వార్డులో ఆయా. రోజూ డ్యూటీకి ఎల్తాది, ఇంటికొత్తాది. నా గుండెకి స్టెంటేసినారు. సైకిల్ తొక్కమన్నారు గానీ ఒక్కడివీ ఎల్లొద్దన్నారు. ముందే సెప్పుంటే నన్ను రానిద్దువా?"

"రానివ్వను."

"అందుకే నాను సెప్పలేదు."

"ఏటి మావా," అన్నాడు ఉదయ్, నాలుగడుగులు వెనక్కి వేసి. "నాకింకా పెళ్లి కూడా అవలేదు."

ఎవరమూ నవ్వలేదు. "రేపటి నుంచి మాతో రావద్దండి," అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది. ఆయన తలూపి సైకిలెక్కి, ఇంటి వైపు ఒంటరిగా వెళ్లిపోసాగారు. రోజూ చివర వచ్చే మనిషి ముందు వెళ్తున్నాడు. రోడ్డు ఎత్తెక్కే చోట దిగి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కాసేపు నిలబడ్డారు. మేమిద్దరం కూడా దూరంగానే ఆగిపోయాం. ఆయన మళ్లీ ఎక్కాకే కదిలాం.

ఆ సాయంత్రం నేనే ఫోన్ చేశాను. "మాకంటే ముందు బయల్దేరండి. రెండు వందల మీటర్ల దూరం. నీళ్లు తాగేటప్పుడు కూడా అంతే. మీరు ఆగితే మేమూ ఆగుతాం. ఇంట్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా ముందు నాకు చెప్పాలి."

"సెప్తాను. ఒట్టు," అన్నారు.

ఆ ఒట్టును నేను పూర్తిగా నమ్మలేదు. మర్నాటి నుంచి దూరంగా ముందు వెళ్తున్న ఆ నల్ల సైకిల్ మీదే నా కళ్లు ఉండేవి. ఆయన ఆగిన ప్రతిసారీ నేనూ ఆగి, ఛాతీ పట్టుకున్నారా, దగ్గుతున్నారా అని చూసేవాణ్ణి.