నేను తీసేసిన ఫ్యాను

పెద్దత్త పోయిందని నాన్న ఫోన్ చేసేసరికి నేను నయా రాయపూర్ వెళ్ళే బస్సులో ఉన్నాను. "అక్క ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిందమ్మా" అన్నాడు. వెంటనే, "భూస్థాపన సాయంత్రమే. ఈ ఎండల్లో ఉంచలేం. అక్క తెల్లచీర ఎక్కడుంటుందో నీకే తెలుసు, వచ్చెయ్" అన్నాడు.

బస్సు ఆపమని అడగడానికి నాకు రెండు స్టాపులు పట్టింది. నలుగురిలో గొంతెత్తడం నాకెప్పుడూ కష్టమే. దిగిన చోట వెడల్పాటి రోడ్డు తప్ప మనిషి జాడ లేదు. తిరుగు బస్సు కోసం నిలబడినంతసేపూ ఒక్కటే గుర్తొచ్చింది. ఆమెతో మాట్లాడి ఎనిమిది నెలలైంది.

పెద్దత్త మా నాన్నకు పెద్దక్క. రైల్వే ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. మా వెనక వీధిలో రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది. మంచం మీద దుప్పటి మూలలు ఆస్పత్రిలోలాగే బిగించి మడిచేది. కూరలబండివాడితో ఛత్తీస్‌గఢీలో, "కా భావ్ దేథస్ గా?" అని ధర అడుగుతూ మొదలుపెట్టి, వాడు నవ్వేదాకా బేరం వదిలేది కాదు. ఆ తర్వాత వాడి చంటిదానికి జ్వరం తగ్గిందా అని అడిగి, వాడు మొదట చెప్పిన ధరే ఇచ్చి వచ్చేది.

నాకు తెలుగు అక్షరాలు నేర్పింది ఆమే. కాన్వెంటులో ఇంగ్లీషు, బయట హిందీ, తెలుగు నాకు చెవికి మాత్రమే తెలిసిన భాష. నాలుగో తరగతి వేసవి సెలవుల్లో నన్ను పిలిచి, పెద్దక్షరాల కీర్తనల పుస్తకం ముందు పెట్టింది. నాకు పాటలన్నీ నోటికి వచ్చు. ఆమె పాట అందుకుని, థర్మామీటరు పెట్టుకునే స్టీలు గొట్టంతో ఒక్కో అక్షరం కింద ఆపుతూ పోయేది. "నువ్వు పాడేస్తున్నావు, చదవట్లేదు. ఆగు. ఇక్కడేముందో అది చెప్పు" అనేది. నాకు రాయడం గురించి ఎవరైనా చెప్పిన మంచి మాట ఇప్పటికీ అదొక్కటే. దాన్ని నేను పాటించలేదు.

ఇంకో అలవాటు కూడా చెప్పాలి. చర్చిలో ఆమె ఎప్పుడూ ఆఖరి వరసలో, తలుపు పక్కన కూర్చునేది. అక్కడికి ఏ ఫ్యాను గాలీ రాదు. మే నెలలో కూడా చీరకొంగుతో విసురుకుంటూ అక్కడే. "ముందుకు రావచ్చు కదత్తా" అంటే, "ఆస్పత్రి నుంచి కబురొస్తే లేచి వెళ్ళాలి కదే" అనేది. రిటైరైన పదేళ్ళకి కూడా అదే జవాబు. సంఘంలో అందరూ దాన్ని వినయం అనేవారు.

నేను రాసిన ఒకే ఒక్క నవలకు మూలం ఆమె చెప్పిన కథ. మా తాతమ్మ, అంటే అత్తకు నాయనమ్మ, ఆమె ప్రేమకథ. మా ముత్తాత గోదావరి జిల్లా నుంచి ధంతరి వెళ్ళే చిన్న లైను మీద కూలి పనికి వచ్చాడు. అభన్‌పూర్ దగ్గర రైలుపట్టా కాలి మీద పడి ఎముక విరిగింది. మిషన్ ఆస్పత్రిలో చేర్చారు. అక్కడ అతని భాష ఎవరికీ రాదు, ఆంధ్ర వైపు మిషన్ బోర్డింగులో పెరిగిన ఒక్క నర్సు పిల్లకి తప్ప. ఆ పిల్ల రోజూ డ్యూటీ దిగాక అతని మంచం పక్కన నిలబడి, కూర్చోకుండా, ఒక కీర్తన చదివి వెళ్ళేది.

"కాలు ఎప్పుడో అతుక్కుందే. మిగతా రోజులు ఏం నొప్పో డాక్టరుకే తెలీలేదు" అని చెప్పి అత్త చాలాసేపు నవ్వేది.

తర్వాత పెళ్ళి ప్రకటనలు. మా సంఘంలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ఆరాధనలో ఇద్దరి పేర్లూ చదివి, అభ్యంతరమున్నవారు లేచి చెప్పవచ్చని అడుగుతారు. చదివాక అయ్యగారు ఒక్క క్షణం ఆగుతారు. ఎవరూ లేవరని అందరికీ తెలుసు. అందుకే ఆ క్షణంలో దగ్గుకుంటారు, పిల్లల్ని సర్దుకుంటారు.

"మూడో ఆదివారం ఒకాయన లేచాడు" అంది అత్త. అప్పుడు మాత్రం నవ్వలేదు. "ఆ పిల్ల తలెత్తలేదు. నెత్తి మీద ఫ్యాను కిర్రు, కిర్రుమంటోంది. ఆయన మాట్లాడినంతసేపూ అదే వింది. ఏమన్నాడో ఎవరో చెబితే తర్వాత తెలిసింది."

"తర్వాత?"

"తర్వాతేముంది? పెళ్ళైంది, మీ తాత పుట్టాడు, మేం పుట్టాం, నువ్వు పుట్టావు. బస్, అంతే." లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఏడాదిన్నర రాశాను. చారిత్రక నవల కదా, తప్పు దొరకకూడదని నా పట్టుదల. పాత రిజిస్టర్లు చూద్దామంటే చెదలు తినేశాయి. చర్చికి కరెంటు ఎప్పుడొచ్చిందో మాత్రం ముసలివాళ్ళను అడిగి తెలుసుకున్నాను. అది మా తాతమ్మ పెళ్ళికి చాలా ఏళ్ళ తర్వాత. ఒక ఆదివారం మధ్యాహ్నం అత్తకు ఆ అధ్యాయం చదివి వినిపిస్తూ ఆగి, పరీక్షలో ఫస్టు వచ్చినంత సంతోషంగా చెప్పాను.

"అత్తా, నువ్వు తప్పు చెప్పావు తెలుసా? అప్పటికి చర్చిలో కరెంటే లేదు. ఫ్యాను ఎక్కణ్ణుంచి వస్తుంది?"

ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగింది.

"లేదంటావా?"

"లేదు. అందరినీ అడిగాను."

"అయితే తీసెయ్యి" అని మళ్ళీ బియ్యంలోకి చూసింది.

తీసేశాను. ఆ చోట చర్చి దూలాల మీద పావురాలను పెట్టాను. అతను మాట్లాడుతున్నంతసేపూ ఆ పిల్ల వాటి రెక్కల చప్పుడు వింటుంది. చదివినవాళ్ళు ఆ పావురాలను ఎంతో మెచ్చుకున్నారు.

లేచి నిలబడినవాడు ఎవరో అత్త చెప్పలేదు కాబట్టి వాణ్ణి కూడా నేనే తయారుచేశాను. పాటల బృందంలో ఒకడు, ఆమెను మూగగా ప్రేమించినవాడు. పెళ్ళికి ముందురోజు వచ్చి మోకాళ్ళ మీద పడి ఏడుస్తాడు. ఆమె అతన్ని క్షమిస్తుంది. క్రైస్తవ నవలకు అంతకన్నా మంచి ముగింపు ఏముంటుంది అనుకున్నాను.

పుస్తకం వచ్చాక ఆరాధన అయ్యాక చర్చి హాల్లోనే చిన్న సభ పెట్టారు. ఆఖరి పేజీలు చదువుతూ ఏడ్చామని ఆడవాళ్ళు నా చేతులు పట్టుకున్నారు. కథ చెప్పిన మనిషి కాబట్టి పెద్దత్తను రెండు మాటలు చెప్పమన్నారు. ఆమె లేచి, "అచ్చు బాగుంది. కాగితం దళసరిగా ఉంది" అని కూర్చుంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ మాట నాలో ముల్లులా దిగిపోయింది. ఇంత రాస్తే కాగితం గురించి చెబుతుందా అనుకున్నాను.

వెళ్ళడం తగ్గించాను. నయా రాయపూర్లో ఉద్యోగం, బస్సు ప్రయాణం, అలసట. చెప్పడానికి కారణాలు దొరికాయి. ఆఖరిసారి ఫోన్ ఆమే చేసింది. మందులు, కరెంటు బిల్లు, వర్షాలు అన్నీ అయ్యాక అడిగింది.

"ఆ లేచినవాణ్ణి ఎందుకే ఏడిపించావు?"

"క్షమాపణ ఉండాలి కదత్తా. లేకపోతే కథ చేదుగా ఉంటుంది."

"అడిగితే కదే ఇచ్చేది" అంది.

నేను విమర్శ అనుకున్నాను. "ఇప్పుడు మార్చలేనత్తా, అచ్చయిపోయింది" అన్నాను. "సరేలే, పెట్టేస్తున్నా" అని పెట్టేసింది. ఆ తర్వాత నేను ఫోన్ చెయ్యలేదు. ఆమె కూడా చెయ్యలేదు.

అత్త పోయిన ఆ రోజు ఆమె ఇంటికి చేరేసరికి అత్త పక్కన ఆమె స్నేహితురాలు కూర్చుని ఉంది. ఆమె కూడా రిటైరైన నర్సే, ఇద్దరూ ఒకే వార్డులో ఏళ్ళ తరబడి డ్యూటీలు చేశారు. నేను ట్రంకులోంచి తెల్లచీర తీసి ఇచ్చాను. ఇద్దరం కలిసి కట్టాం. కుచ్చిళ్ళు సర్దుతూ ఆమె అంది.

"నీ పుస్తకం మా కోడలు చదివి వినిపించిందమ్మాయ్. అన్నీ రాశావు గానీ, ఫ్యాను రాయలేదేం?"

"అప్పటికి చర్చిలో కరెంటు లేదండీ."

"ఎప్పటికి?"

"మా తాతమ్మ పెళ్ళికి."

ఆమె నా ముఖంలోకి చూసింది. "అరే, తాతమ్మేంటి? దీని ప్రకటన కదా అది! తాతమ్మదని చెప్పిందా నీకు?"

అవునని తలూపాను.

"నేను పక్కనే కూర్చున్నా. స్త్రీల వైపు, రెండో వరస. దీని చెయ్యి నా చేతిలోనే ఉంది. గోళ్ళు దిగిపోయాయి నాకు."

"లేచింది ఎవరు?"

"ఎవరేంటి? మీ తాత. సంఘపెద్ద కదా, ముందు వరసలోంచి ఫట్‌మని లేచాడు. నా కూతురు, నాకు సమ్మతం లేదు అన్నాడు. రెండు ఆదివారాలు నోరు మూసుకుని, అందరిలో పరువు తియ్యడానికి మూడోదాకా ఆగాడు."

అబ్బాయి స్టేషన్లో టికెట్లిచ్చే గుమాస్తా. మంచివాడు, విశ్వాసి, మా సంఘంవాడే. కానీ మావాళ్ళు ఆంధ్రలో ఒక పేట నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళవాళ్ళు ఇంకో పేట నుంచి. బాప్తిస్మం తీసుకుని మూడు తరాలైనా మా ఇళ్ళలో ఆ పేటలు చావలేదు. ఒకే గిన్నెలో ద్రాక్షారసం తాగేవాళ్ళు, ఒకే పొయ్యి మీద అన్నం వండుకోవడానికి ఒప్పుకోలేదు. ప్రకటన ఆగిపోయింది. అతను బదిలీ పెట్టుకుని బిలాస్‌పూర్ వెళ్ళిపోయాడు.

"తాత తర్వాతెప్పుడైనా ఏమైనా అన్నారా?" అని అడిగాను.

"ఏమంటాడు? పక్షవాతమొచ్చి నాలుగేళ్ళు మంచంలో ఉంటే ఒళ్ళు తుడిచిందీ, పక్కలు మార్చిందీ ఇదే. పడిపోయింది కుడి చెయ్యేనమ్మా. నోరు బానే ఉండేది. గంజిలో ఉప్పు తక్కువైందని రోజూ చెప్పేవాడు."

అడిగితే కదే ఇచ్చేది. నేను ఇచ్చేశాను. అడగనివాడికి, ఆమె తరఫున, దళసరి కాగితం మీద అచ్చు వేసి ఇచ్చేశాను.

నాన్న లోపలికి వచ్చాడు. "ఆదరణ కూడికకి కార్డు వెయ్యాలి కదమ్మా, నువ్వైతే బాగా రాస్తావు. ప్రభువు సేవ కోసమే పెళ్ళి మానుకున్న ధన్యురాలు అని పెట్టు" అన్నాడు.

"ఆ రోజు చర్చిలో నువ్వూ ఉన్నావా నాన్నా?"

ఏ రోజని ఆయన అడగలేదు. "ఐసు వాళ్ళు వచ్చారేమో చూసొస్తా" అని బయటికి వెళ్ళిపోయాడు. అప్పటికి ఆయన హైస్కూల్లో ఉండి ఉంటాడు. తాత పక్కనే కూర్చునేవాడు.

ఆ కార్డు నేను రాయలేదు. ఇది రాస్తున్నాను. నా నవల ఎవరి దగ్గరైనా ఉంటే, మూడో ఆదివారం అధ్యాయంలో పావురాల వాక్యాలు కొట్టేయండి. చివర్లో మోకాళ్ళ మీద పడినవాణ్ణి లేపి పంపించేయండి. అతను రాలేదు. మా తాతమ్మ ప్రకటనకు ఎవరూ లేవలేదు. ఆ సంతోషం నిజమైనదే, దాన్ని అలాగే ఉంచండి. తనది చెప్పుకోవడానికి అత్తకు నాయనమ్మ పెళ్ళి కావలసి వచ్చింది. ఒక్క ఫ్యానును మాత్రం మార్చకుండా నా చేతిలో పెట్టింది. నేను దాన్ని తప్పని తీసేశాను.

సాయంత్రం చర్చిలో పెట్టెను పీఠం ముందు, స్త్రీల వైపుకి దగ్గరగా పెట్టారు. ఉక్కగా ఉందని ఎవరో ఫ్యాన్లన్నీ వేశారు. ముందున్న పాత ఫ్యాను, సరిగ్గా ఆమె ముఖానికి పైన, కిర్రుమనడం మొదలుపెట్టింది. పుట్టినప్పటి నుంచి ప్రతి ఆదివారం విన్న చప్పుడే. కొత్తగా వచ్చిన పాస్టరుగారు, "ప్రభువునే వరునిగా ఎంచుకున్న మన తల్లి" అని ప్రసంగం అందుకున్నారు. నా పక్కన అత్త స్నేహితురాలు తలెత్తి పైకి చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

అప్పుడు నాన్న లేచాడు. ముందు వరసలోంచే. పాస్టరుగారు ఆగారు. తమ్ముడు రెండు మాటలు చెబుతాడని అందరూ అటు తిరిగారు. నేనూ అదే అనుకున్నాను. ఇప్పుడు చెబుతాడు, ఇక్కడే, వీళ్ళందరిలో, అనుకున్నాను. ఆయన ఎవరి వైపూ చూడకుండా గోడ దగ్గరికి నడిచి, ఆ ఒక్క ఫ్యాను స్విచ్చి ఆపి, వచ్చి కూర్చున్నాడు.

ఎందుకాపావని ఇంటికొచ్చాక అడిగాను. "కొవ్వొత్తులు ఆరిపోతాయని" అన్నాడు. అక్కడ కొవ్వొత్తులు వెలిగించలేదు.

ప్రసంగం మళ్ళీ మొదలైంది. ముందు వరసలవాళ్ళు పాటల కాగితాలతో విసురుకుంటున్నారు. ఫ్యాను వెంటనే ఆగలేదు. రెక్కలు నెమ్మదిస్తున్నకొద్దీ కిర్రుమన్న చప్పుడు సాగుతూ, ఒక్కో చుట్టుకి ఇంకా దూరమవుతూ పోయింది. దాని నీడ మాత్రం ఆమె తెల్లచీర మీద చాలాసేపు తిరిగింది.