మునీరా మేడమ్ భయం

పొద్దున్నే వార్డు కడిగిన ఫినాయిల్ వాసన తగిలితే ఇప్పటికీ నా కాళ్లు ఒకచోట నిలవవు. ఖమ్మంలో డిగ్రీ మొదటి ఏడు మా అమ్మాయిల హాస్టల్ వరండా ఇదే వాసన కొట్టేది. మాది బూర్గంపాడు దాటాక అడవి అంచున ఉన్న పల్లె. నాన్న నన్ను కంప్యూటర్ల కోర్సులో చేర్పించి వెళ్లాడు. గదిలో ఎనిమిది మందిమి. అన్నం సహించేది కాదు, పాఠం ఎక్కేది కాదు. పుస్తకం తెరిచి అదే పేజీ దగ్గర మూసేదాన్ని. ఊరికి ఫోన్ చేద్దామని కాయిన్ బాక్స్ దాకా వెళ్లి, చేయకుండానే తిరిగొచ్చేదాన్ని.

మా వార్డెన్ మునీరా మేడమ్. కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవారు, హాస్టల్లోనే ఒక గదిలో ఉండేవారు. సాయంత్రం హాజరు పిలిచేటప్పుడు పలికిన ప్రతి పిల్ల ముఖాన్నీ తలెత్తి చూసేవారు. అలా చూస్తూనే నా సంగతి పసిగట్టి ఉంటారు.

ఒక శనివారం మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా బ్యాగు సర్దుకుని బస్టాండుకు వెళ్లాను. భద్రాచలం బస్సు ఇంకా రాలేదు. కాసేపటికి, నేను బ్యాగుతో గేటు దాటడం చూసిన మేడమ్ వచ్చి నా పక్కన కూర్చున్నారు. తిడతారనుకున్నాను.

"ఇంటి మీద బెంగనా?"

"కాదు మేడమ్. ఈ చదువు నాకొద్దు. నర్సింగ్ చేస్త అని నాన్నకు చెప్పిన. ఇనలే."

"నర్సింగే ఎందుకు?"

"మా చిన్నమ్మకు నొప్పులొచ్చిన నాడు వాగు పొంగింది. దవాఖానాకు తీస్కపోలేకపోయినం. ఏం చెయ్యాల్నో ఊళ్లె ఒక్కరికి తెల్వలే. నా చేతులల్లనే పోయింది."

మేడమ్ నా బ్యాగు తన ఒళ్లోకి తీసుకున్నారు. బస్సు వచ్చాక లేచారు. "రేపు ఆదివారమే కదా. పద, నేను గూడ వస్త."

ఇంటి ముందు నాన్న మంచం వాల్చాడు. నన్ను నర్సింగ్‌కు పంపమని మేడమ్ చెప్పిందంతా తల దించుకుని విన్నాడు.

"నా బిడ్డ కంప్యూటర్ చదువుతుందని ఊరంత చెప్పుకున్న మేడమ్. మీ బిడ్డకైతే గిట్లనే చెప్తరా?"

"నాకు పిల్లల్లేరు. తప్పు చెప్తున్ననేమో అని బస్సుల కూసున్నంతసేపు భయపడుకుంటనే వచ్చిన. అయినా చెప్పకుండ ఉండలేకపోయిన."

నాన్న ఆమె వైపు అప్పుడు చూశాడు. చివరికి నాతో, "ఈ ఏడు పరీక్షలు రాయి. మరుసటేడు నీ ఇష్టం," అన్నాడు.

మిగిలిన నెలలూ ఆ గదిలో కుదురుగా ఏమీ ఉండలేదు నేను. కానీ పారిపోలేదు. మరుసటేడు నర్సింగ్‌లో చేరాను.

ఇప్పుడు అడవి పల్లెల నుంచి మా ఆసుపత్రికి వచ్చినవాళ్లు, "ఏం చెయ్యమంటవ్ సిస్టరమ్మ?" అని నన్ను అడుగుతారు. జవాబు చెప్పే ముందు, తప్పు చెప్తున్నానేమో అని మేడమ్ పడ్డ ఆ భయం నాలో ఉందా అని చూసుకుంటాను. లేదనిపించిన రోజు నోరు తెరవను, ముందు వాళ్ల పక్కన కూర్చుంటాను.